పదకొండు దాటాక వేడి

మినిట్స్ రాయడం నా ఉద్యోగం.
ఎవరేమన్నారో రాస్తాను, ఎలా అన్నారో రాయను.
ఆ రెండోదానికి మా ఫారంలో గడి లేదు.

టౌన్‌హాల్ రెండో అంతస్తు, కమిటీ గది.
రేడియేటర్ లోపల ఎవరో చెంచాతో కొడుతున్నట్టు చప్పుడు.
ముగ్గురు కౌన్సిలర్లు, మూడు గ్లాసుల నీళ్లు,
ఒకే ఒక్క దరఖాస్తు:
మిల్‌గేట్ వీధి, నలభై రెండో నంబరు, జాగ్రోస్ గ్రిల్.
రాత్రి పదకొండు నుంచి మూడింటి దాకా
వేడి తిండి అమ్ముకోనివ్వండని.

చట్టం చిత్రమైనది.
పదకొండు దాటాక చల్లటి శాండ్‌విచ్ అమ్మొచ్చు,
చల్లటి పై అమ్మొచ్చు, నిన్నటి కేకు అమ్మొచ్చు.
చుట్టూ ఉన్న గాలికన్నా ఒక్క పిసరు వెచ్చనైతే మాత్రం
కాగితం కావాలి.

ఆ కాగితానికి ముందు ఇంకో కాగితం.
లేత నీలం రంగుది. ఇరవై ఎనిమిది రోజులు
కొట్టు అద్దానికి వేలాడాలి.
షోరిష్ దాన్ని శుభలేఖంత శ్రద్ధగా
నాలుగు మూలలూ సరిచూసి అంటించాడు.
పందొమ్మిదో రోజున ఎవరో దానిమీద బొమ్మ గీశారు.
ఏం బొమ్మో మినిట్స్‌లో లేదు.

అభ్యంతరం చెప్పడానికి వచ్చినావిడ
డోరీన్ పిక్‌ఫోర్డ్, ఎనభై ఒక్కేళ్లు,
చావులకూ పెళ్లిళ్లకూ వేసుకునే కోటులో.
సంచీలోంచి సాక్ష్యం తీసి బల్లమీద పేర్చింది:
తన కంచెలో దొరికిన చిప్స్ డబ్బాలు ఇరవై మూడు.
ఒక్కొక్కటీ కడిగి, తుడిచి, ఆరబెట్టి తెచ్చింది.

"డబ్బాల సంగతి సరే," అంది, "అసలు బాధ తలుపు.
మొన్న శనివారం నూట ఆరు సార్లు కొట్టుకుంది."
అన్నిసార్లూ మేలుకునే ఉన్నారా అన్నాడు చైర్మన్.
"అది నిద్రపోతేగా, నేను పోవడానికి."

షోరిష్ లేచాడు. చేతులకు ఉల్లిపాయ వాసన,
దాచుకోవడానికి జేబుల్లో పెట్టుకుని, మర్యాద కాదని మళ్లీ తీశాడు.
బిస్కెట్ ఫ్యాక్టరీ షిఫ్టు పన్నెండున్నరకు దిగుతుందన్నాడు,
ఆసుపత్రిలో ఒంటిగంటకు,
టాక్సీలకు దిగడమే లేదు.
"వాళ్లకు రాత్రి భోజనం ఎప్పుడు సార్, పొద్దున్నా?"
తర్వాత ఆమె వైపు తిరిగాడు.
"స్ప్రింగు పోయిందమ్మా. ఫ్యాన్ హోరులో నాకు వినపడదు.
రోడ్డు దాటొచ్చి ఒక్క మాట చెబితే ఆ రోజే మార్చేవాణ్ణి."
"నీలం కాగితంలో కౌన్సిల్‌కే రాయమని ఉంది నాయనా,"
అంది డోరీన్. "నేను చదివాను."

రేడియేటర్ ఒక్కటే మాట్లాడింది కాసేపు.
నేను రాశాను: ఇరుపక్షాలూ తమ వాదన వినిపించాయి.

ముగ్గురూ పక్క గదిలోకి వెళ్లొచ్చారు.
మూడు కాదు, ఒంటిగంట.
తలుపుకు కొత్త స్ప్రింగు, గుమ్మం బయట చెత్తబుట్ట,
ముప్పై ఒక్క రోజులు గుర్తుంచుకునే కెమెరా,
మెల్లగా వెళ్లండని ఒక బోర్డు.
అడిగింది నాలుగు గంటలు, ఇచ్చింది రెండు.
దాన్ని మా ఆఫీసు భాషలో సమతూకం అంటారు.

తర్వాతి శుక్రవారం చెల్లెలింటి నుంచి కారులో వస్తున్నాను,
మిల్‌గేట్ వీధిలో సిగ్నల్ ఎర్రబడింది.
ఒంటిగంటా ఆరు నిమిషాలు.
కొట్టులో బోర్డు దీపం ఆర్పేశారు, లోపలి లైటు ఉంది.
మెడలో ఆసుపత్రి బిళ్లతో ఒక కుర్రాడు ఇటు,
షోరిష్ అటు,
మధ్యన కౌంటర్ మీద మూత తెరిచిన డబ్బా,
దాన్నుంచి ఆవిరి.
ఇద్దరూ గడియారం చూడటం లేదు, ఆవిరినే చూస్తున్నారు.
చట్టమంత చల్లబడాలి కదా అది.
బయట రెండు డిగ్రీలు. తలుపు తెరిస్తే తొందరగా అయ్యేది,
తెరవలేదు.

ఎదురుగా మేడమీద కిటికీలో దీపం వెలుగుతోంది.
లెక్కపెట్టడానికి ఏమీ లేక
ఆమె మేలుకునే ఉంది.

సిగ్నల్ పచ్చబడింది. మీటింగ్ ఎప్పుడో ముగిసింది,
ఇది నేను రాయక్కర్లేదు.